మూడు రాత్రులు కింద, ఒక రాత్రి కొండ మీద

తిరుపతి వెళ్తున్నాం అని చెప్తే మన ఇళ్ళల్లో మొదటి ప్రశ్న దర్శనం టికెట్ గురించి. రెండో ప్రశ్న గది గురించి: "కొండ మీద దొరికిందా, కిందేనా?" కొండ మీద దొరికితే అదృష్టవంతులు. కింద అయితే స్టేషన్ దగ్గర లాడ్జి, తెల్లవారుజామున బస్సు, అలిపిరి దగ్గర తనిఖీ, ఘాట్ రోడ్డు, మళ్ళీ రాత్రి అదే దారిలో దిగడం. దేవుడు ఒకడే, లడ్డూ ఒకటే. కానీ కొండ మీద పడుకున్నవాడి యాత్ర వేరు, కింద పడుకున్నవాడి యాత్ర వేరు.

అమెరికాలో ఓర్లాండో అనే ఊళ్ళో డిస్నీ వరల్డ్‌కి వెళ్ళేవాళ్ళది కూడా ఇదే ప్రశ్న అని 2025 మార్చిలో నాకు తెలిసింది. ఒక్క తేడా ఉంది. తిరుమలలో కొండ మీద గది చౌక, కానీ దొరకదు. అక్కడ కొండ మీద గది దొరుకుతుంది, కానీ చౌక కాదు.

ఇదంతా నాకెందుకు అంటే, మా అక్క హనీమూన్‌కి హోటల్ వెతికే పని నా మీద పడింది. మా ఇంట్లో ఇంటర్నెట్‌తో అయ్యే పని ఏదైనా నాదే. కరెంటు బిల్లు నుంచి నాన్న పాన్ కార్డు దాకా. కాకపోతే హనీమూన్ ఇదే మొదటిసారి.

అక్క పెళ్ళి 2023 ఆగస్టులో అయింది. పెళ్ళయిన పన్నెండో రోజున బావగారు ఎం.ఎస్. చేయడానికి అలబామా వెళ్ళిపోయారు. అక్కకి ఎఫ్-2 వీసా వచ్చి, ఆవిడ అక్కడికి చేరేసరికి ఇంకో ఏడు నెలలు. ఎఫ్-2 అంటే మనవాళ్ళకి తెలిసిందే, ఉద్యోగం చేయకూడదు. ఇక్కడ నాలుగేళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసిన మనిషి అక్కడ ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో, కారు లేని ఊళ్ళో కూర్చుంది. బావగారికి యూనివర్సిటీలో వచ్చే స్టైపెండ్ మీద ఇద్దరి జీవితం.

2025 మేలో బావగారి డిగ్రీ అయిపోతుంది. జూన్ 16 నుంచి ఓపీటీ మొదలు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. అంటే డిగ్రీకీ ఆ లెక్క మొదలవడానికీ మధ్య ఉన్న కొన్ని వారాలే వాళ్ళకి ఖాళీ. ఉద్యోగం దొరికితే సెలవు దొరకదు, దొరక్కపోతే అమెరికాయే ఉండదు. "వెళ్తే ఇప్పుడే వెళ్ళాలిరా చిన్నా" అంది అక్క. చిన్నప్పటి నుంచి దానికి ఒకటే కోరిక. టీవీలో సినిమా మొదలయ్యే ముందు ఒక కోట కనిపించి, దాని మీద వెలుగు గీత ఒకటి అర్ధచంద్రాకారంలో పడుతుందే, ఆ కోటని రాత్రిపూట నిజంగా చూడాలి. అంతే. మాల్దీవులు వద్దు, స్విట్జర్లాండ్ వద్దు.

విమానం టికెట్లు, పార్కు టికెట్లు వాళ్ళే చూసుకున్నారు. నాలుగు రాత్రుల బసకీ, అక్కడ తిరగడానికీ కలిపి 600 డాలర్లు తీసి పక్కన పెట్టారు. మన డబ్బుల్లో 50 వేల పైమాట. వినడానికి బాగానే ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది, హోటల్ సైట్లు తెరిచే దాకా.

ముందు ఆ స్థలం సంగతి చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ అక్కడే ఉంది. వాల్ట్ డిస్నీ మొదటి పార్కు డిస్నీలాండ్ 1955లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో తెరిచాడు. స్థలం 160 ఎకరాలు. పార్కు హిట్ అవగానే దాని గోడ పక్కనే వరసగా మోటళ్ళు వెలిశాయి. ఇప్పటికీ అక్కడ చవక హోటల్లో దిగి, రోడ్డు దాటి నడుచుకుంటూ పార్కులోకి వెళ్ళిపోవచ్చు. మనలాంటి వాళ్ళకి అది వరం. డిస్నీకి మాత్రం అది నచ్చలేదు. జనం తన పార్కు కోసం వస్తుంటే డబ్బు పక్కవాళ్ళ గల్లాలో పడుతోంది, చుట్టూ ఆ బోర్డుల గోల ఒకటి. అందుకని ఫ్లోరిడాలో రెండోది కట్టాలనుకున్నప్పుడు 1960లలో వేరే వేరే కంపెనీల పేర్లతో, ఎవరికీ తెలియకుండా 27,000 ఎకరాలకి పైగా కొనిపించాడు. 1966లో ఆయన పోయాడు. 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ తెరుచుకుంది.

ఇప్పుడు అది దాదాపు 25,000 ఎకరాలు. అది ఎంతో ఊహించుకోవాలంటే, రామోజీ ఫిల్మ్ సిటీ గిన్నిస్ లెక్క ప్రకారం 1,666 ఎకరాలు. అలాంటివి పదిహేను పక్కపక్కన పెట్టండి. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పెద్ద పార్కులు, ఒకదాని నుంచి ఒకటి కిలోమీటర్ల దూరంలో. మిగతాది అడవి, చెరువులు, రోడ్లు, వాళ్ళ సొంత హోటళ్ళు. అంటే బయట హోటల్లో దిగినవాడికి పార్కు దూరంగా ఉండటం యాదృచ్ఛికం కాదు. అది డిజైన్. సివిల్ వాళ్ళు దీన్ని ప్లానింగ్ అంటారు, నేను మాత్రం మార్చి నెలంతా వేరే మాటలు అన్నాను.

బయట చవక హోటళ్ళు ఎక్కువగా కిసిమీ వైపు 192 నంబరు హైవే మీద ఉంటాయి. ఇంకొన్ని ఇంటర్నేషనల్ డ్రైవ్ అనే వీధిలో, ఇంకొన్ని లేక్ బ్యూనా విస్టా దగ్గర. ప్రతి హోటల్ పేజీ మీదా పెద్ద అక్షరాలతో "డిస్నీకి 1.5 మైళ్ళు" అనో, "2 మైళ్ళు" అనో ఉంటుంది. మ్యాప్‌లో కొలిస్తే అది డిస్నీ వాళ్ళ స్థలం సరిహద్దుకి దూరం. అక్కడి నుంచి పార్కు గేటు ఇంకెన్నో మైళ్ళు. అలిపిరి దగ్గర లాడ్జి పెట్టుకుని "తిరుమలకి అర కిలోమీటరు" అని రాసుకున్నట్టు అన్నమాట. అబద్ధం కాదు, నిజమూ కాదు.

సరే, కారు లేదు. అద్దెకి తీసుకోవచ్చు కదా అంటే, అప్పట్లో పార్కులో పార్కింగే రోజుకి 30 డాలర్లు ఉండేది. చాలా హోటళ్ళు పార్కింగ్‌కి వేరే వేస్తాయి. కారు అద్దె, ఇన్సూరెన్సు, పెట్రోలు. బావగారికి లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే అయింది, ఆరు లేన్ల రోడ్డు మీద హనీమూన్ డ్రైవింగ్ ప్రాక్టీసుగా మారడం అక్కకి ఇష్టం లేదు. కాబట్టి హోటల్‌తో పాటు రవాణా కూడా ఉండాలి. నేను గూగుల్ షీట్ ఒకటి తెరిచాను.

మొదటి కాలమ్ గది అద్దె. ఇక్కడే మొదటి పాఠం. ఒక హోటల్ 69 డాలర్లు అని చూపించింది. పేర్లు వద్దు, అంకెలు చాలు. డబ్బు కట్టే పేజీకి వెళ్ళేసరికి "రిసార్ట్ ఫీజు" అని రోజుకి ఇంకో 25. ఎందుకయ్యా అంటే వైఫై, ఈత కొలను, "షటిల్ సౌకర్యం" అంట. ఈ రెంటినీ కలిపిన దాని మీద పన్ను. కిసిమీ ఉన్న ఆసియోలా కౌంటీలో 7.5 శాతం సేల్స్ టాక్సు, 6 శాతం టూరిస్టు టాక్సు, వెరసి 13.5. పక్కనే ఉన్న ఆరెంజ్ కౌంటీలో 12.5. చివరికి 69 డాలర్ల గది దాదాపు 107 అయి కూర్చుంది. ఇంకో హోటల్ 79 అని చూపించింది, రిసార్ట్ ఫీజు లేదు, పన్నుతో 90 దగ్గర ఆగింది. 69 కన్నా 79 చౌక అని నేను మా ఎం-3 సార్‌కి నిరూపించి చూపించగలను.

(2025 మే 12 నుంచి అమెరికాలో ఎఫ్‌టీసీ నిబంధన ఒకటి అమల్లోకి వచ్చింది. హోటళ్ళు ఇలాంటి తప్పనిసరి ఫీజుల్ని మొదట చూపించే ధరలోనే కలపాలి. పన్నులు మాత్రం తర్వాత చూపించొచ్చు. మేం వెతికింది మార్చిలో. కొత్త రూలు మనకి పనికొచ్చే వేళకి మన పని అయిపోయి ఉంటుంది, కాలేజీలో కూడా చూస్తూనే ఉన్నాం కదా.)

రెండో కాలమ్ రవాణా. ఇది గది కన్నా కష్టం. "ఉచిత షటిల్" అన్న రెండు మాటల వెనక ఎన్ని రకాలున్నాయో చదివితే గాని తెలియలేదు. కొన్ని హోటళ్ళకి సొంత వ్యాన్ ఉంటుంది. ఎక్కువ చోట్ల నాలుగైదు హోటళ్ళకి కలిపి ఒకే బస్సు, బయటి కంపెనీది. పొద్దున్న రెండో మూడో ట్రిప్పులు, సాయంత్రం రెండో మూడో ట్రిప్పులు. ముందురోజు పేరు రాయించుకోవాలి. సీటు నిండితే మన సంగతి మనమే చూసుకోవాలి.

డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపింగ్ ప్రాంతం పక్కన కొన్ని హోటళ్ళున్నాయి. అవి డిస్నీ వాళ్ళవి కావు గానీ వాళ్ళ స్థలంలోనే ఉంటాయి, నాలుగు పార్కులకీ బస్సులు నడుపుతాయి. అవి మధ్యేమార్గం, ధర కూడా మధ్యేమార్గమే.

సిటీ బస్సు కూడా ఉంది. ఓర్లాండో వాళ్ళ ఆర్టీసీ పేరు లింక్స్. ఒకసారి ఎక్కితే 2 డాలర్లు, రోజంతా పాసు 4.50. 192 హైవే మీద నడిచే 56వ నంబరు బస్సు మ్యాజిక్ కింగ్‌డమ్ వైపు వెళ్తుంది. ఇది చూడగానే నాకు విజయవాడ సిటీ బస్సు చూసినంత ఆనందం వేసింది. అయితే మన దగ్గర పల్లెవెలుగు తప్పిపోతే వెనకాల ఆటో ఉంటుంది. అక్కడ బస్సుకీ బస్సుకీ మధ్య చాలాసేపు ఎండలో హైవే పక్కన నిలబడాలి.

ఇక ఎవరూ పైకి చెప్పని ముఖ్యమైన సంగతి ఒకటి. మిగతా మూడు పార్కులకి బస్సయినా ఊబర్ అయినా గేటు దగ్గరే దింపుతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం బయటి నుంచి వచ్చిన ఏ బండీ గేటు దాకా వెళ్ళదు. టీటీసీ అని ఒక చోట దింపేస్తుంది. అక్కడ తనిఖీ అయ్యాక ఒక మైలు దూరం చెరువు దాటాలి, మోనోరైలు మీదో లాంచీ మీదో. రాత్రి బాణసంచా అయిపోగానే వేలమంది ఒకేసారి ఆ మోనోరైలుకీ లాంచీకీ ఎగబడతారు. డిస్నీ సొంత హోటళ్ళ బస్సులు మాత్రం నేరుగా కోట ఉన్న పార్కు గేటు దగ్గరే ఆగుతాయి. అక్క చూడాలనుకున్న కోట సరిగ్గా ఆ పార్కులోనే ఉంది.

నేను ఇలా లెక్కలు వేస్తుంటే ఇంట్లో వేరే లెక్క నడిచింది. నాన్నకి గుర్తొచ్చింది, టాంపాలో మా పెద్దమ్మ ఆడపడుచు కొడుకు ఉన్నాడని. "హోటల్ ఎందుకురా దండగ, వాళ్ళింట్లో దిగమను. ఎంతో ప్రేమగా చూసుకుంటారు." టాంపాకీ ఓర్లాండోకీ మధ్య 130 కిలోమీటర్ల పైన. విజయవాడ నుంచి రాజమండ్రికి కాస్త తక్కువ. రోజూ రాజమండ్రి నుంచి వచ్చి దుర్గగుడి చూసి మళ్ళీ రాజమండ్రి వెళ్ళి పడుకోమంటే ఎలా ఉంటుంది? ఆ మాటే అన్నాను. నాన్న తగ్గలేదు. అక్క ఫోన్‌లో ఒక్క ముక్క అంది: "నాన్నా, హనీమూన్‌కి వెళ్ళి వాళ్ళింట్లో అంట్లు కడగమంటావా?" అక్కడితో టాంపా అధ్యాయం ముగిసింది.

నవ్వుకున్నాం గానీ అందులో అసలు విషయం ఉంది. మనకి ఊరు మారడమంటే చుట్టాలింటికి వెళ్ళడమే. డబ్బు పెట్టి గది తీసుకోవడం అంటే చుట్టాలు లేరని ఒప్పుకున్నట్టు. ఇద్దరే ఉండటానికి ఒక గది కావాలి అనేది మన ఇళ్ళల్లో ఖర్చుల జాబితాలో ఎప్పుడూ రాయని పద్దు. పెళ్ళికి 400 మందికి భోజనాలు పెట్టాం. దానికి ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

షీట్‌లో మూడో కాలమ్ సమయం. ఇది నాకు అర్ధరాత్రి తట్టింది. పార్కు టికెట్ ఒకరికి రోజుకి 120 డాలర్లు అనుకుందాం. పార్కు 12 గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే గంటకి మనిషికి 10, ఇద్దరికి 20. షటిల్ కోసం ఎదురుచూడటంలో, నాలుగు హోటళ్ళు తిరిగి రావడంలో రోజుకి రెండు గంటలు పోతే 40 డాలర్లు పోయినట్టు. ఆ 40ని గది అద్దెలో కలపాలి. అప్పుడు గాని చవక గది అసలు ధర తెలియదు.

డిస్నీ సొంత హోటళ్ళలో అన్నిటికన్నా తక్కువ ధర ఆల్-స్టార్ అనే వాటిల్లో. వాటికి రిసార్ట్ ఫీజు ఉండదు. మేం చూసిన తేదీలకి పన్నుతో కలిపి 186 డాలర్లు. అక్కడ ఉన్నవాళ్ళని పార్కులోకి అందరికన్నా అరగంట ముందు పంపిస్తారు. బయటి 90 డాలర్ల గదికి 40 కలిపితే 130. కాబట్టి బయటే లాభం. నాలుగు రాత్రులూ బయటే. లెక్క తేలిపోయింది అనుకుని అక్కకి ఆ 79 డాలర్ల హోటల్ నంబరు పంపాను, ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు కూడా రాసిచ్చాను. షటిల్ మీదేనా, బయటి కంపెనీదా? ఏ పార్కుకి ఎన్నింటికి? మధ్యలో ఎన్ని చోట్ల ఆగుతుంది? పేరు ముందే రాయించాలా? రాత్రి ఆఖరి బండి ఎన్నింటికి?

అక్క ఫోన్ చేస్తే అవతల ఒక పెద్దాయన. రెండు వాక్యాలు వినగానే ఇంగ్లీషు ఆపేసి హిందీలోకి దిగిపోయాడట. అమెరికాలో చాలా మోటళ్ళు గుజరాతీ కుటుంబాలవే కదా, ఇదీ అలాంటిదే. "ఎన్నాళ్ళయింది బేటీ పెళ్ళయి?" అని కూడా అడిగాడట. షటిల్ ఉంది, సీటు నేను రాసి పెడతాను, యానిమల్ కింగ్‌డమ్ అయితే సాయంత్రం త్వరగా మూసేస్తారు, హాయిగా వచ్చేయొచ్చు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు మాత్రం మా బండిని నమ్ముకోకండి. ఆఖరిది ఎనిమిదిన్నరకి. బాణసంచా దాని తర్వాతే" అని చెప్పాడట. తన బేరం పోయే మాట చెప్పిన మనిషి. ఆ ఒక్క మాటకే ఆ హోటల్‌కి నా షీట్‌లో అయిదు మార్కులు అదనంగా వేశాను, దానికి కాలమ్ లేకపోయినా.

అప్పుడు ఊబర్ ఉందిగా అన్నాను నేను. వెలుగులు చూసి, అందరితో పాటు లాంచీ ఎక్కి, టీటీసీ దగ్గర ఊబర్ కోసం నిలబడి, అర్ధరాత్రికి హైవే పక్క గదికి చేరొచ్చు. అక్క "సరేలే, ముందే బయల్దేరిపోతాం, వెలుగులు దూరం నుంచైనా కనిపిస్తాయిగా" అంది. ఆ "సరేలే" నాకు తెలుసు. అది మా అక్క ఇంజనీరింగ్‌లో కోరుకున్న కాలేజీ వదులుకుని ఇంటి దగ్గర కాలేజీలో చేరినప్పుడు అన్న "సరేలే".

ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను, ఏదో మాటల్లో. అమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. వాళ్ళ పెళ్ళయ్యాక తిరుపతి వెళ్ళారట, కొత్త దంపతులు దర్శనం చేసుకోవాలని. మొత్తం తొమ్మిది మంది. నానమ్మ, తాతయ్య, మేనత్తలు, వాళ్ళ పిల్లలు. కింద సత్రంలో ఒకటే గది. నాన్న వరండాలో, అమ్మ గదిలో ఆడవాళ్ళ మధ్య. రాత్రిపూట కొండ మీద దీపాల వరస కనిపించేదట వరండాలోంచి. "మీ నాన్న అక్కడ, నేను ఇక్కడ. ఇద్దరం అవే దీపాలు చూశాం" అంది. అంత మామూలుగా అంది, కూర గురించి చెప్పినట్టు. తర్వాత, "అన్ని రోజులూ వద్దులే. ఆ కోట చూసే రోజు ఒక్క రాత్రి కొండ మీదే ఉండమను" అంది.

డిస్నీ గురించి అమ్మకి నేను వాడిన "కొండ మీద" అన్న మాట తప్ప ఏమీ తెలియదు. కానీ మూడు వారాలుగా నా షీట్ తేల్చలేనిది అదే. నేను నాలుగు రాత్రుల్నీ ఒకేలా చూశాను, సగటు తీశాను. నాలుగు రాత్రులూ ఒకటి కావు. యానిమల్ కింగ్‌డమ్ రోజున రెండు గంటలు పోతే 40 డాలర్లు. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజున పోయేది ఆమె ఏ వస్తువు కోసం వెళ్తోందో ఆ వస్తువే. దానికి గంట రేటు కట్టలేం.

ఆ సాయంత్రం మళ్ళీ లెక్క వేశాను. మూడు రాత్రులు బయట, 270. ఒక రాత్రి లోపల, 186. మొత్తం 456. మిగిలింది 144. విమానాశ్రయం నుంచి ఒకసారి, తిరిగి ఒకసారి, హోటల్ మారడానికి ఒకసారి, హాలీవుడ్ స్టూడియోస్ నుంచి రాత్రి రావడానికి ఒకసారి, నాలుగు ఊబర్లకి 130 దాకా. సరిపోతుంది. పైగా డిస్నీ హోటల్లో ఒక్క రాత్రే ఉన్నా దిగే రోజు, ఖాళీ చేసే రోజు రెండింటికీ వాళ్ళ సౌకర్యాలు వర్తిస్తాయి. గది సాయంత్రానికి గాని ఇవ్వరు గానీ, పొద్దున్నే వెళ్ళి సామాను అప్పగించి, వాళ్ళ బస్సెక్కి పార్కుకి పోవచ్చు. అరగంట ముందు ప్రవేశం కూడా ఆ పొద్దున్నే మొదలు.

తేదీలు కూడా కలిసొచ్చాయి. మే 11 ఆదివారం నుంచి 15 గురువారం దాకా. వారాంతం రేట్లు తగలవు, అక్కడి వేసవి సెలవుల రద్దీ ఇంకా మొదలవదు. మే 22న అదే ఊళ్ళో యూనివర్సల్ వాళ్ళ ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కు తెరవబోతోంది, ఆ హడావిడికి ముందే వీళ్ళు బయటపడతారు. చవక గదుల్లో మామూలుగా రెండు వేరు మంచాలు ఉంటాయి. ఒకటే పెద్ద మంచం కావాలని ముందే చెప్పాలి. ఈ సంగతి తమ్ముడు అక్కకి ఎలా చెప్తాడు? షీట్‌లో "ఇతర వివరాలు" అనే కాలమ్‌లో ఇంగ్లీషులో రాశాను. బావగారు బొటనవేలు గుర్తు పెట్టారు.

వాళ్ళు వెళ్ళారు. తిండి సంగతి అక్కే చూసుకుంది. డిస్నీ పార్కుల్లోకి మన తిండి మనం తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు, మందు తప్ప. తిండి దుకాణాల్లో అడిగితే మంచినీళ్ళు ఊరికే ఇస్తారు. చేతి బ్యాగులో పులిహోర పొడి పెట్టుకుంది, ఆవకాయ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అమెరికా విమానాశ్రయం దృష్టిలో ఆవకాయ ద్రవపదార్థం, 100 మిల్లీలీటర్లు దాటితే వదలరు. హోటల్ గదిలో మైక్రోవేవ్ ఉంది. అన్నం అందులోనే.

మొదటి రెండు రోజులూ షటిల్ పెద్దాయన చెప్పినట్టే నడిచింది. ఒకరోజు పొద్దున్న నలభై నిమిషాలు ఆలస్యం. బస్సులో పక్క సీట్లో బ్రెజిల్ నుంచి వచ్చిన ముసలి దంపతులట, భాష రాకపోయినా దారంతా మాట్లాడుకున్నారు. బుధవారం పొద్దున్నే సామాను మార్చారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఉచితంగా బ్యాడ్జీలు ఇస్తారని నేను షీట్‌లో రాశాను. బావగారు సిగ్గుపడ్డారట, "మనకి పెళ్ళయి ఏడాదిన్నర దాటిందిగా" అని. అక్కే వెళ్ళి అడిగింది. కౌంటర్‌లో అమ్మాయి పెళ్ళి తేదీ అడగలేదు. రెండు ఇచ్చింది, నవ్వుతూ.

అక్కడ రాత్రి తొమ్మిది దాటితే మనకి మర్నాడు పొద్దున్న ఏడు ప్రాంతం. హాస్టల్లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఉండగా వీడియో కాల్. కోట, దాని మీద రంగులు, ఆకాశంలో పేలుతున్న వెలుగు, జనం అరుపులు. అక్క ఏమీ మాట్లాడలేదు, ఫోన్ అటు తిప్పి పట్టుకుంది అంతే. నేను ఇంకో ఫోన్‌లో అమ్మని కలిపాను. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని చూసింది. అయిపోయాక అక్కడ జనమంతా చెరువు వైపు పరిగెడుతుంటే వీళ్ళిద్దరూ ఓ బల్ల మీద కూర్చున్నారట, తొందరేముందని. పార్కు మూసేశాక కూడా హోటల్ బస్సులు నడుస్తాయి. ఆ అరగంటకి కూడా నా షీట్‌లో కాలమ్ లేదు.

మొత్తం ఖర్చు 583 డాలర్లు. 17 మిగిలాయి.

మనలో చాలామంది రేపో మాపో అటు వెళ్ళేవాళ్ళమే. డిస్నీ కాకపోతే ఇంకోటి. గది వెతికేటప్పుడు ధర దగ్గర ఆగకండి, చివరి పేజీ దాకా వెళ్ళండి. "ఉచిత షటిల్" అంటే ఆఖరి బండి ఎన్నింటికో అడగండి, మెయిల్‌లో కాదు, ఫోన్‌లో. దూరం మైళ్ళలో కాదు, గేటు నుంచి మంచం దాకా గంటల్లో కొలవండి. అన్ని రోజులూ పొదుపు చేయండి, కానీ ఏ రోజు చేయకూడదో ముందే తేల్చుకోండి. అది షీట్ చెప్పదు. ఇంట్లో ఎవరినైనా అడగాలి.

ఈ వ్యాసం పంపే రోజుకి బావగారి ఓపీటీ లెక్కలో 61వ రోజు. రెండు ఇంటర్వ్యూలు చివరి రౌండ్‌లో ఉన్నాయి. నాన్న రోజూ ఒకసారి అడుగుతాడు. అమ్మ ఆ సంగతి అడగదు, వీడియో మళ్ళీ పెట్టమంటుంది. ఉద్యోగం వస్తే ఏ ఊరైతే ఆ ఊళ్ళో అద్దె ఇల్లు వెతికే పని ఎలాగూ నాదే. రాకపోతే వచ్చే నెల ఇద్దరూ గన్నవరంలో దిగుతారు, అక్కడి నుంచి ఇంటికి ఏ బస్సో నాకు తెలుసు.